ప్లేటులో వెలుగు తగ్గితే ఏది తగ్గినట్టు?

గుంటూరు చుట్టుపక్కల ఫార్మసీ, బయోటెక్నాలజీ కాలేజీల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నా బల్ల మీదికి ఒకే తరహా గ్రాఫులు వస్తాయి. అడుగున పసుపు ఎక్స్‌ట్రాక్ట్ డోసు, నిలువుగా వెలుగు. డోసు పెరిగేకొద్దీ గీత దిగిపోతూ ఉంటుంది. "ఎన్‌ఎఫ్-కప్పా-బి తగ్గింది మేడమ్, ఇన్‌ఫ్లమేషన్ మీద బాగా పనిచేస్తోంది" అంటారు పిల్లలు. ఎన్‌ఎఫ్-కప్పా-బి అంటే సెల్‌లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) జీన్లను మేల్కొలిపే ప్రోటీన్. ఒక ఏడాది పసుపు, ఇంకో ఏడాది మునగాకు, ఆ పై ఏడాది తిప్పతీగ. మొక్క మారుతుంది గానీ గీత మారదు. గైడు సంతకం పెడతారు, ఎక్స్‌టర్నల్ మెచ్చుకుంటారు, కొన్నాళ్లకు ఆ గీత ఏదో ఒక జర్నల్‌లో అచ్చవుతుంది.

ఆ గీతలో తగ్గింది వెలుగు. సెల్ లోపల సిగ్నల్ తగ్గిందా లేదా అన్నది ఆ గీత ఒక్కటే చెప్పలేదు. వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ మీద, అది వాడుకునే పదార్థం (సబ్‌స్ట్రేట్) మీద ఎక్స్‌ట్రాక్ట్ ఏం చేస్తోందో విడిగా చూడకుండా తెచ్చిన లూసిఫెరేజ్ ఫలితాన్ని థీసిస్‌గా ఒప్పుకోకూడదు. నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇవే అస్సేలు (పరీక్షలు) చేసి, ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. మాట కటువుగా ఉందని కొందరు గైడ్లు అన్నారు. కటువుగానే అంటున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు ఆ వెలుగు ఎలా వస్తుందో చూద్దాం, చిక్కంతా అక్కడే ఉంది. సెల్స్ మీద టీఎన్‌ఎఫ్ అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేత ప్రోటీన్ పోస్తాం. అది సెల్ పైనున్న రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. లోపల ఐకేకే అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) మేల్కొంటుంది. మామూలప్పుడు ఎన్‌ఎఫ్-కప్పా-బిని కదలనివ్వకుండా ఐ-కప్పా-బి అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. ఐకేకే వెళ్లి దానికి ఫాస్ఫేట్ తగిలించేసరికి అది ప్రోటియజోమ్‌లో పడి ముక్కలవుతుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా-బి న్యూక్లియస్‌లోకి పోయి తనకు సరిపడే డీఎన్‌ఏ వరుస మీద కూర్చుంటుంది. ఆ వరుస పక్కనే మనం ముందుగా మిణుగురు పురుగు లూసిఫెరేజ్ జీన్‌ని అతికించి ఉంచాం. దాన్నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎంజైమ్ తయారవుతాయి. కొన్ని గంటలాగి సెల్స్‌ని లైసిస్ బఫర్‌తో పగలగొట్టి డి-లూసిఫెరిన్ (ఇదే సబ్‌స్ట్రేట్), ఏటీపీ (సెల్‌కి శక్తినిచ్చే అణువు), మెగ్నీషియం ఉన్న ద్రావణం పోస్తాం. ఎంజైమ్ మొదట ఏటీపీని ఖర్చుపెట్టి లూసిఫెరిన్‌కి ఏఎంపీని తగిలిస్తుంది, తర్వాత దాన్ని ఆక్సిజన్‌తో చర్య జరిపిస్తుంది. ఆ చర్యలో 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు వస్తుంది. లూమినోమీటర్‌లోని ఫోటోమల్టిప్లయర్ ఆ వెలుగును అంకెగా మారుస్తుంది.

ఇందులో సిగ్నలింగ్ అనదగ్గ భాగం ఎంత? రిసెప్టర్ దగ్గర మొదలై న్యూక్లియస్‌లో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ తయారీ, ప్రోటీన్ తయారీ, ఎంజైమ్ ఎంతసేపు చెడకుండా ఉంటుంది, సబ్‌స్ట్రేట్ మంచిదేనా, పుట్టిన వెలుగు రంగు నీళ్లను దాటి డిటెక్టర్ దాకా చేరిందా అన్నవన్నీ వేరే సంగతులు. మన ఎక్స్‌ట్రాక్ట్ వీటిలో దేన్ని కొట్టినా గీత దిగుతుంది. ఇంట్లో బల్బు మసకబారితే లైనులో వోల్టేజీ తగ్గిందో, బల్బే పోతోందో తెలియడానికి బల్బు తీసి వేరే హోల్డర్‌లో పెట్టి చూస్తాం కదా. ల్యాబులో మాత్రం ఆ పని చేయకుండా లైన్‌మన్‌ని పిలిచేస్తున్నాం.

ఈ ఎంజైమ్‌కి ఏటీపీ కావాలన్న సంగతి బయటపెట్టింది విలియం మెకెల్‌రాయ్, 1947లో. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేసేవాడు. పురుగులు తెచ్చిపెడితే వందకు 25 సెంట్లు ఇస్తానని ఊళ్లో పిల్లలకు చెప్పి మిణుగురుల్ని పోగు చేయించాడు. 1985లో మార్లీన్ డెలూకా, డొనాల్డ్ హెలిన్‌స్కీల బృందాలు కలిసి ఆ జీన్‌ని క్లోన్ చేసేదాకా లూసిఫెరేజ్ అంటే పురుగుల తోకల నుంచి తీసిందే. మరుసటి ఏడాదికే మిణుగురు జీన్ పెట్టిన పొగాకు మొక్క లూసిఫెరిన్ ఇస్తే వెలిగింది. ఇంత అందమైన పనిముట్టు మన చేతికి వచ్చిందన్న సంతోషం నాకు ఈనాటికీ తగ్గలేదు. అందుకే దాన్ని గుడ్డిగా వాడుతుంటే బాధ కలుగుతుంది.

గుడ్డిగా వాడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి మనవాళ్ల ఉదాహరణ అక్కర్లేదు. అమెరికాలో జరిగిందే ఉంది. డుషేన్ కండరాల జబ్బు ఉన్న మగపిల్లల్లో కొందరికి, డిస్ట్రోఫిన్ జీన్ మధ్యలో రాకూడని చోట ఆగమనే గుర్తు వచ్చి పడుతుంది. రైబోజోమ్ అక్కడ ఆగిపోతుంది, ప్రోటీన్ పూర్తికాదు. ఆ గుర్తును దాటి ముందుకు పోయేలా చేసే మందు దొరికితే చాలు అనుకున్నారు. అలాంటి మందును వెతకడానికి మిణుగురు లూసిఫెరేజ్ జీన్ మధ్యలోనే ఆ గుర్తు పెట్టి, ఏ రసాయనం వేస్తే వెలుగు వస్తుందో చూశారు. పీటీసీ124 అనే రసాయనం దొరికింది. 2007లో పెద్ద జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. తర్వాత దాని పేరు అటాల్యూరెన్.

2009లో డగ్లస్ ఆల్డ్ బృందం ఒక చిన్న ప్రశ్న వేసింది. ఇదే పరీక్షను మిణుగురు ఎంజైమ్‌తో కాకుండా రెనిల్లా అనే సముద్రజీవి ఎంజైమ్‌తో చేస్తే? చేశారు. వెలుగు పెరగలేదు. ఆరా తీస్తే పీటీసీ124 మిణుగురు లూసిఫెరేజ్‌కే గట్టిగా అతుక్కుంటోందని తేలింది. మరుసటి ఏడాది క్రిస్టల్ నిర్మాణం కూడా తీశారు. ఎంజైమ్ ఆ రసాయనాన్నే లూసిఫెరిన్ అనుకుని దానికి ఏఎంపీని తగిలిస్తోంది, ఆ జంట ఎంజైమ్ గుండెలో ఇరుక్కుపోతోంది.

ఇక్కడే మా పిల్లలు తికమక పడతారు. "ఇన్‌హిబిటర్ అయితే వెలుగు తగ్గాలి కదా మేడమ్, పెరిగిందేంటి?" మంచి ప్రశ్న, ఇన్‌హిబిటర్ అంటే ఎంజైమ్‌ని ఆపేదే కదా. సెల్ లోపల మిణుగురు లూసిఫెరేజ్ ఎక్కువసేపు నిలవదు, సుమారు 3 గంటల్లో సగం కరిగిపోతుంది. ఇన్‌హిబిటర్ అతుక్కున్న ఎంజైమ్ ముడుచుకుని భద్రంగా ఉంటుంది, అంత తేలిగ్గా చెడదు. అలా గంటలు గడిచేసరికి మందు వేసిన సెల్స్‌లో ఎంజైమ్ పోగుపడుతుంది. చివర్లో మనం పోసే ద్రావణంలో సబ్‌స్ట్రేట్ దండిగా ఉంటుంది కాబట్టి అది ఇన్‌హిబిటర్‌ని పక్కకు నెట్టేస్తుంది. మిగిలేది పోగుపడిన ఎంజైమ్, దాని వెలుగు. అంటే లూసిఫెరేజ్‌ని ఆపే రసాయనం, అదే లూసిఫెరేజ్ పరీక్షలో సిగ్నల్‌ని పెంచినట్టు కనబడగలదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఇక ఏ గ్రాఫునూ పాత కళ్లతో చూడలేం.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ మందు ఎందుకూ పనికిరాదని ఆ ఒక్క పరీక్షే తేల్చెయ్యలేదు. కంపెనీ తన దగ్గర వేరే ఆధారాలున్నాయని వాదించింది. 2014లో యూరప్‌లో షరతులతో అనుమతి కూడా వచ్చింది. ప్రభావం రుజువు కాలేదంటూ 2025లో ఆ అనుమతిని పొడిగించలేదు. ఈ ఏళ్లన్నీ ఆశపెట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులున్నారు. రెనిల్లా పరీక్ష మొదట్లోనే చేసి ఉంటే కథ ఎటు పోయేదో ఎవరూ చెప్పలేరు గానీ, ఆ ప్రశ్న మొదటి నెలలోనే వచ్చి ఉండాల్సింది.

ఇదేదో అరుదైన రసాయనం చేసిన అల్లరి అనుకోవద్దు. ఆల్డ్ బృందమే 70 వేలకు పైగా రసాయనాల్ని సెల్స్ లేకుండా ఒట్టి మిణుగురు లూసిఫెరేజ్ మీద పరీక్షించింది. సుమారు 3 శాతం దాన్ని ఆపాయి. వంద రసాయనాలకు మూడు! మన ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండేది ఒక రసాయనమా? మెథనాల్‌లో నానబెట్టి తీసిన మునగాకు సారంలో ఎన్నెన్ని ఫినాలిక్స్ అనే రసాయనాలు ఉంటాయో ఆలోచించండి. ద్రాక్ష తొక్కలోనూ వేరుశెనగలోనూ ఉండే రెస్వెరట్రాల్ మిణుగురు లూసిఫెరేజ్‌ని నేరుగా ఆపుతుందని 2006లోనే అచ్చయింది.

ఇక రంగు. దుగ్గిరాల యార్డు నుంచి తెచ్చిన పసుపు కొమ్ముల్ని దంచి సారం తీస్తే వచ్చే ఆ చిక్కటి పసుపు రంగుకు కారణం కర్క్యుమిన్. అది 425 నానోమీటర్ల దగ్గర వెలుగును గట్టిగా పీల్చుకుంటుంది, ఆ పీల్పు నీలం వెలుగు దాకా పాకి ఉంటుంది. మిణుగురు వెలుగు 560 దగ్గర కాబట్టి కొంతవరకు తప్పించుకుంటుంది. కానీ రెనిల్లా ఎంజైమ్ కొలెంటెరజీన్ అనే సబ్‌స్ట్రేట్‌తో ఇచ్చే వెలుగు 480 దగ్గర, లోతు సముద్రపు రొయ్య నుంచి 2012లో తయారుచేసిన నానోలుక్ అనే ఎంజైమ్ ఫ్యూరిమజీన్ అనే సబ్‌స్ట్రేట్‌తో ఇచ్చే వెలుగు 460 దగ్గర ఉంటాయి. ఈ రెండూ నీలమే. డోసు పెంచితే పసుపు నీళ్లు ఆ నీలాన్ని మింగేస్తాయి. మిరపకాయ ఎరుపుదీ అదే తీరు.

సెల్స్‌ని కడిగి పగలగొట్టే పద్ధతిలో రంగు చాలావరకు కడుగులోనే పోతుంది. మీడియం తీయకుండా రీజెంట్‌ని నేరుగా పోసి చదివే కిట్లలో రంగంతా బావిలోనే (ప్లేటులోని చిన్న గుంటలోనే) ఉండిపోతుంది. పని తక్కువని మనవాళ్లు ఇష్టపడేవి ఈ రెండో రకం కిట్లనే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. ఇది ఏ జర్నల్‌కీ కనబడదు, పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మన దగ్గర చాలా ల్యాబుల్లో ఉన్న రీడర్లకు (వెలుగు చదివే మెషీన్లకు) సబ్‌స్ట్రేట్‌ని తామే పోసే ఇంజెక్టర్లు లేవు. అమ్మాయి మల్టీచానల్ పిపెట్‌తో తెల్ల ప్లేటులో ఎడమ నుంచి కుడికి సబ్‌స్ట్రేట్ పోస్తుంది. మొదటి వరుసలో పోసి, చివరి వరుస దాకా వచ్చి, మూత తీసి, ప్లేటుని మెషీన్‌లో పెట్టి, సాఫ్ట్‌వేర్ తెరిచేలోపు నిమిషాలు గడుస్తాయి. కొలెంటెరజీన్ మామూలు ద్రావణంలో వెలుగు మెరుపులా వచ్చి నిమిషాల్లో తగ్గిపోతుంది. ముందు పోసిన వరుస అప్పటికే వాడిపోయి ఉంటుంది, చివర పోసింది తాజాగా ఉంటుంది. డోసుల్ని కూడా ఎడమ నుంచి కుడికే పేర్చుకుంటాం, అందరికీ అదే అలవాటు. ఎక్కువ డోసు ఎడమ పక్క ఉందనుకోండి, సెల్స్ లేకపోయినా, ఎక్స్‌ట్రాక్ట్ లేకపోయినా, చక్కటి డోస్-రెస్పాన్స్ గీత తయారవుతుంది. ట్రిప్లికేట్లు (ఒకే డోసుకు మూడు బావులు) మూడూ ఒకే నిలువు వరుసలో ఉంటాయి కాబట్టి ఎర్రర్ బార్లు కూడా బుల్లిగా, ముద్దుగా వస్తాయి. దీనికి విరుగుడు డబ్బుతో కూడింది కాదు. డోసుల్ని ప్లేటంతా చెదరగొట్టి పేర్చాలి, ఒక ప్లేటు మొత్తం ఒకే ఎంజైమ్ పోసి చదివి చూడాలి. మిణుగురు ద్రావణంలో కోఎంజైమ్-ఏ ఉంటే వెలుగు నిలకడగా ఉంటుంది. ఆ ద్రావణం ఎందుకు ఎంచుకున్నారని వైవాలో అడిగితే చెప్పగలగాలి.

సబ్‌స్ట్రేట్ సంగతి కూడా చెప్పి తీరాలి. డి-లూసిఫెరిన్ ఉప్పు రూపంలో కొంటే నీళ్లలో కరుగుతుంది. ధర చూసి ఆమ్ల రూపం కొని, బఫర్‌లో కరగట్లేదని గిలకొట్టేవాళ్లను చూశాను. కొలెంటెరజీన్‌ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలిపి దాచకూడదు, ఆల్కహాల్‌లో కలపాలి, చీకట్లో గడ్డకట్టించి ఉంచాలి. లేకపోతే అది ఎంజైమ్ అవసరం లేకుండానే తనంతట తాను ఆక్సిడైజ్ అవుతుంది, సీరమ్ ఉంటే ఇంకా ఎక్కువ. అప్పుడు ఖాళీ బావి కూడా వెలుగుతుంది. మే నెలలో విజయవాడలో కొరియర్ దిగిన పార్శిల్ మధ్యాహ్నమంతా గోడౌన్‌లో ఉండిపోయి, డ్రై ఐస్ ఆవిరైపోయి, సాయంత్రానికి మా చేతికి గోరువెచ్చగా వచ్చిన రోజులున్నాయి. ఆ సీసాను ఫ్రీజర్‌లో పెట్టి ఏమీ జరగనట్టు వాడేస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి అంకెలోనూ ఆ మధ్యాహ్నపు ఎండ ఉంటుంది. కొత్త సీసా వచ్చిన రోజే తెలిసిన ఎంజైమ్ మీద ఒకసారి చదివి, ఆ అంకెను సీసా మీదే రాసిపెట్టుకోవాలి. పది నిమిషాల పని.

ఈ రంగంలోనే ఇలాంటి జాగ్రత్త మొదటినుంచీ అలవాటుగా ఉన్న పద్ధతి ఒకటుంది. ఎక్వోరిన్. ఒసాము షిమొమురా 1961లో అమెరికా పశ్చిమ తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో జెల్లీఫిష్‌ల నుంచి వెలుగునిచ్చే ఈ ఎక్వోరిన్ ప్రోటీన్ కోసం తంటాలు పడుతున్నాడు. ఒకరోజు సారాన్ని సింక్‌లో పారబోశాడు. అక్కడికి అక్వేరియం నీళ్లు పొంగి వచ్చేవి. సింక్ అంతా నీలంగా మెరిసింది. సముద్రపు నీళ్లలోని కాల్షియమే కారణమని తేల్చాడు. అదే పనిలో బయటపడిన ఆకుపచ్చ ప్రోటీన్‌కి 2008లో నోబెల్ వచ్చింది.

ఎక్వోరిన్‌ని సెల్‌లో పెట్టి కొన్ని గంటలు కొలెంటెరజీన్ తాగిస్తే సిద్ధంగా కూర్చుంటుంది, కాల్షియం తగలగానే ఒకే ఒక్కసారి వెలిగి అయిపోతుంది. ఈ పరీక్ష చేసేవాళ్లు చివర్లో ప్రతి బావిలోనూ డిటర్జెంటూ దండిగా కాల్షియమూ పోసి మిగిలిన ఎక్వోరిన్‌నంతా వెలిగించేస్తారు. మొత్తంలో మందు వల్ల వెలిగిన వాటా ఎంతో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే బల్బు ఎంత మిగిలిందో ప్రతి బావిలో కొలిచాకే సిగ్నల్ గురించి మాట్లాడతారు.

గుంటూరులో పాఠం చెప్పేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఉండదు. మిరప ఘాటును పట్టే రిసెప్టర్ టీఆర్‌పీవీ1. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ రిసెప్టర్‌ని ఎక్వోరిన్ ఉన్న సెల్స్‌లో పెట్టి మిరప ఘాటుకు మూలమైన కాప్సైసిన్ చుక్క వేస్తే కాల్షియం లోపలికి దూకుతుంది, బావి వెలుగుతుంది. రిసెప్టర్ లేని సెల్స్ వెలగకూడదు. ఆ రిసెప్టర్‌ని అడ్డుకునే కాప్సాజెపీన్ ముందుగా వేస్తే వెలుగు ఆగాలి. ఆగిందా, లేక ఎక్వోరినే చెడిందా అన్నది చివరి డిటర్జెంట్ రీడింగ్ చెప్పేస్తుంది. మిర్చి యార్డుకు ఎదురుగాలి వీచినప్పుడు తుమ్మని పిల్లలు మా క్లాసులో లేరు. ఆ తుమ్ముకు మొదటి మెట్టు ప్లేటులో వెలగడం చూస్తే కంట్రోల్ అంటే ఏమిటో వాళ్లకి జన్మలో మరిచిపోలేనంతగా ఎక్కుతుంది.

"ఇవన్నీ చేయడానికి డబ్బులెక్కడివి, ఆరు నెలల ప్రాజెక్టు ఇది" అన్నది నాకు ఎదురయ్యే మొదటి జవాబు. డబ్బు కొరత నిజమే, నేనూ ఆ కొరతలోనే పనిచేస్తున్నాను. కానీ నేనడిగేదాంట్లో ఖరీదైనది ఏదీ లేదు. ప్లేటులో ఒక మూల కొన్ని బావులు చాలు. అందులో సెల్స్ ఉండవు. రిపోర్టర్ సెల్స్‌ని (లూసిఫెరేజ్ జీన్ పెట్టిన సెల్స్‌ని) పగలగొట్టిన లైసేట్ కాస్త, దాంట్లో ఎక్స్‌ట్రాక్ట్, మీద సబ్‌స్ట్రేట్. వెలుగు అక్కడా తగ్గితే ఆ తగ్గుదలకీ ఎన్‌ఎఫ్-కప్పా-బికీ సంబంధం లేదు. అక్కడ తగ్గకపోతే సగం అనుమానం తీరినట్టే. మిగతా సగానికి, పీటీసీ124 చేసిన మాయకి, ఎప్పుడూ లూసిఫెరేజ్ చేస్తూనే ఉండే సెల్స్ మీద అదే ఎక్స్‌ట్రాక్ట్‌ని అన్ని గంటలూ ఉంచి చూడాలి.

సెల్స్ చచ్చిపోవడం వల్ల వెలుగు తగ్గిందేమో అని చూడటానికి కొందరు ఏటీపీ కిట్ వాడతారు. ఆ కిట్ కూడా లూసిఫెరేజ్‌తో నడిచేదే! ఒకే ఎంజైమ్‌ని ఆపే సారం రెండు చోట్లా ఒకే అబద్ధం చెబుతుంది. పోనీ బతికిన సెల్స్ పసుపు రంగును ఊదాగా మార్చే ఎంటీటీ పరీక్ష చేద్దామంటే, మొక్కల్లోని పాలీఫినాల్స్ సెల్స్ లేకుండానే ఆ రంగును ఊదా చేసేస్తాయి. చచ్చిన సెల్స్‌కే పట్టే ట్రైపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టుకోవడం మేలు. కళ్లు నొప్పెడతాయి, అంతే.

ఇంకో జవాబు వస్తుంది, కాస్త కోపంగా: "పసుపు పనిచేస్తుందని వేల ఏళ్లుగా తెలుసు, మీరెందుకు అడ్డుపడతారు?" నేను పసుపుకు అడ్డుపడటం లేదు. మా ఇంట్లోనూ దెబ్బ తగిలితే పసుపే అద్దుతాం. కర్క్యుమిన్ మీద 2017లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్తలు చేసిన సమీక్షలో ఆ అణువు నీళ్లలో నిలవదనీ, రకరకాల అస్సేల్లో పనిచేసినట్టు భ్రమ కల్పిస్తుందనీ వివరంగా రాశారు. పసుపు మీద గౌరవం ఉన్నవాళ్లే ఆ భ్రమల్ని ఏరిపారేయాలి. పనిచేసేది ఏదైనా ఉంటే అది ఏరివేత తర్వాత మిగలాలి. ఆ పని మనం చేయకపోతే వేరే దేశంలో ఎవరో చేసి, గుంటూరు నుంచి వచ్చిన పేపర్లన్నీ ఒకే గాటన కట్టి పక్కన పెడతారు.

ఈ ఏడాది ఒక జట్టు పసుపు సారాన్ని నీలం వెలుగు కిట్‌తో చేసింది. లైసేట్ బావుల్లో, అంటే సెల్ అన్నదే లేని చోట, పై డోసుల్లో వెలుగు పడిపోయింది. కళ్లకు కనబడే రంగే కారణం. వాళ్లు బాధపడ్డారు గానీ దాచలేదు. మిణుగురు రిపోర్టర్‌కి మారి, చదివే ముందు సెల్స్ కడిగి, డోసుల్ని ప్లేటంతా చెదరగొట్టి మళ్లీ చేశారు. తగ్గుదల చాలా చిన్నదైపోయింది, కానీ కొంత మిగిలింది. ఆ మిగిలినదాని కోసం వెలుగుతో సంబంధం లేకుండా ఐ-కప్పా-బిని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంత ఉందో యాంటీబాడీతో చూసే పద్ధతిలో) చూస్తున్నారు. థీసిస్‌లో మూడు గ్రాఫులూ వరుసగా పెట్టమన్నాను. "మొదటిది కూడానా మేడమ్?" అన్నారు. మొదటిది కూడానే అమ్మా, అదే అందరికీ పనికొచ్చేది.

ఎక్స్‌టర్నల్స్‌గా వెళ్లే సహోద్యోగులకు నా విన్నపం ఇది. లూసిఫెరేజ్ ఫలితం కనబడితే లైసేట్ బావుల రీడింగ్ చూపించమనండి. అది లేకపోతే మార్కులు ఆపమని కాదు, వారం గడువిచ్చి చేయించండి. మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే బ్యాచ్ నుంచి ప్రాజెక్టు నోటీసులోనే దీన్ని తప్పనిసరి చేస్తున్నాం. ప్లేటులో ఏ బావిలో ఏం పోయాలో మ్యాప్ గీసి పెట్టాను, మిగతా కాలేజీల గైడ్లు అడిగితే ఇస్తాను.